రాలేదా... రాలేకపోయారా?

మొన్న సంక్రాంతికి మా పెద్దమ్మ అమెరికా నుంచి తెనాలి వచ్చింది. పెట్టె విప్పగానే పిల్లలంతా చాక్లెట్ల కోసం ఎగబడ్డారు. నా కళ్లు మాత్రం చీరల మధ్య జాగ్రత్తగా సర్దిన రేకు డబ్బా మీద పడ్డాయి. ఎప్పటిదో బిస్కెట్ల డబ్బా. మూత మీద బొమ్మ చెరిగిపోయింది. చిన్నప్పుడు అందులో చేగోడీలు ఉండేవి. కుర్చీ వేసుకుని ఎక్కి మరీ దొంగిలించేదాన్ని.

మూత తీసి చూస్తే చేగోడీలు లేవు. రద్దయిన విమానం టికెట్లు, డాక్టర్ల ఉత్తరాలు, పన్ను కట్టిన కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు... సంవత్సరాల వారీగా రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి.

'ఇదేంటి పెద్దమ్మా, చిత్తుకాగితాలు కూడా మోసుకొచ్చావ్?' అన్నాను.

'చిత్తుకాగితాలా? ఆ డబ్బానే లేకపోతే నేను మళ్లీ మనవరాలి మొహం చూసేదాన్నా!' అంది.

నిజమే. గ్రీన్‌కార్డు ఉన్న అమ్మానాన్నలు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. పిల్లలు అమెరికా పౌరులయ్యాక ప్రేమతో తీసిచ్చిన కార్డు అది. దాన్ని పొలం దస్తావేజులాగా, బ్యాంకు లాకర్లో బంగారంలాగా చూస్తాం. ఒకసారి వచ్చిందంటే ఇక మనదే అనుకుంటాం. కానీ దాని స్వభావం వేరు. అది ఆస్తి కాదు, కాపురానికి గుర్తు. అక్కడ కాపురం ఉన్నంతవరకే కార్డుకు విలువ. ఆ సంగతి మా ఇంటికి 2020లో తెలిసొచ్చింది.

మూడు నెలలని వచ్చి...

పెదనాన్న పోయాక పెద్దమ్మ అన్నయ్య దగ్గరే ఉంటోంది. న్యూజెర్సీలో కాపురం. 2014లోనే గ్రీన్‌కార్డు వచ్చింది. అన్నయ్య, వదిన ఉద్యోగాలకు వెళ్తే మనవరాలికి జడ వేయడం, అన్నం పెట్టడం, బస్సు ఎక్కించడం అన్నీ ఆవిడే. 2019 డిసెంబరు మొదటివారంలో తెనాలి వచ్చింది. సంక్రాంతి చూసుకుని, ఫిబ్రవరిలో పెదనాన్న ఆబ్దికం పెట్టించి, మార్చి 26న తిరిగి విమానం ఎక్కాలి. టికెట్ కూడా రానూపోనూ ఒకేసారి కొన్నారు.

మార్చి 22న మనదేశానికి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. మూడు రోజుల తర్వాత లాక్‌డౌన్. పెద్దమ్మ టికెట్ రద్దయింది. 'నాలుగు వారాలేగా' అనుకున్నాం. నాలుగు వారాలు నాలుగు నెలలయ్యాయి.

మే 7 నుంచి వందే భారత్ విమానాలు మొదలయ్యాయి. జులైలో అమెరికాతో ఎయిర్ బబుల్ ఒప్పందం కుదిరి మరికొన్ని విమానాలు వచ్చాయి. కానీ పెద్దమ్మకు అప్పటికి 71 ఏళ్లు. సుగరుంది, గుండెకు స్టెంట్ వేశారు. న్యూజెర్సీ పరిస్థితి మనకంటే దారుణంగా ఉంది. 'అమ్మా, ప్రాణం కంటే ఏదీ ఎక్కువ కాదు, కదలొద్దు' అన్నాడు అన్నయ్య. చివరకు ధైర్యం చేసి అక్టోబరుకు టికెట్ కొన్నాడు. సెప్టెంబరులో ఆవిడకే కరోనా వచ్చింది. గుంటూరు ఆస్పత్రిలో పదకొండు రోజులు. ఆ టికెట్ కూడా పోయింది. మూడు నెలలపాటు ప్రయాణం చేయొద్దని డాక్టరు రాసిచ్చారు.

తేరుకుని 2021 జనవరిలో మళ్లీ టికెట్ కొందామంటే, ట్రావెల్ ఏజెంటు ఒకటే ప్రశ్న అడిగాడు. 'మేడమ్ అమెరికా నుంచి వచ్చి ఎన్నాళ్లయింది?'

ఏడాది దాటి నెల.

'అయితే ఆ కార్డుతో విమానం ఎక్కనివ్వరండీ' అన్నాడు. కార్డు మీద గడువు ఇంకా మూడేళ్లుంది. అయినా అంతే.

మూడు గీతలు

అసలు లెక్కేమిటి? అమెరికా చట్టంలో గ్రీన్‌కార్డుదారుకు మూడు గీతలున్నాయి. గ్రీన్‌కార్డున్న ప్రతి ఇంట్లో క్యాలెండర్ పక్కన రాసిపెట్టుకోవాల్సినవి.

మొదటి గీత 180 రోజులు. అంతకంటే ఎక్కువ రోజులు బయట ఉండి వెళ్తే, ఊరెళ్లి ఇంటికొచ్చిన మనిషిలా కాక కొత్తగా ప్రవేశం కోరుతున్నట్టే లెక్క. ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు పెరుగుతాయి. పౌరసత్వం కోసం లెక్కించే నిరంతర నివాసానికి కూడా ఆరు నెలలు దాటితే తెగినట్టేనన్న అనుమానం మొదలవుతుంది. కాదని నిరూపించుకోవాల్సింది మనమే.

రెండో గీత ఏడాది. అది దాటితే, కార్డు మీద గడువు ఎంతున్నా సరే, అమెరికాలో అడుగుపెట్టడానికి ఆ కార్డొక్కటే చాలదు. పౌరసత్వం లెక్క కూడా తెగిపోతుంది.

మూడో గీత రెండేళ్లు. ఎక్కువకాలం ఉండాల్సి వస్తుందని ముందే తెలిస్తే రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవచ్చు. మామూలుగా అది రెండేళ్లు చెల్లుతుంది. దాన్ని పొడిగించరు. అన్నిటికంటే ముఖ్యమైన మాట: ఐ-131 అనే ఆ దరఖాస్తును అమెరికాలో ఉండగానే పెట్టుకోవాలి. వేలిముద్రలు కూడా అక్కడే ఇవ్వాలి. తెనాలికి వచ్చేశాక 'అయ్యో, పర్మిట్ మరిచిపోయామే' అంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఇంకో మాట. ఆ పర్మిట్ గ్రీన్‌కార్డును కాపాడటానికే సాయపడుతుంది, పౌరసత్వానికి కావాల్సిన నివాసం లెక్కను కాపాడదు.

మరి మూడు నెలల కోసం వచ్చిన మనిషి పర్మిట్ ఎందుకు తీసుకుంటుంది? పెద్దమ్మా తీసుకోలేదు. 2020లో ఇరుక్కుపోయిన వాళ్లెందరో తీసుకోలేదు. అలాంటి వాళ్లకు మిగిలేది ఒకటే దారి. ఎస్‌బీ-1. తిరిగి వచ్చే నివాసి కోసం ఇచ్చే వీసా.

డబ్బాలో సాక్ష్యం

డీఎస్-117 అనే దరఖాస్తు నింపి కాన్సులేట్‌కు ఇవ్వాలి. నిరూపించాల్సినవి మూడు. అమెరికా నుంచి బయల్దేరేనాటికి శాశ్వత నివాసిగా ఉన్నారా? తిరిగి వెళ్లే ఉద్దేశంతోనే వచ్చారా, ఆ ఉద్దేశం మధ్యలో వదిలేయలేదు కదా? ఆలస్యానికి కారణం మీ చేతుల్లో లేనిదేనా?

మూడో ప్రశ్న దగ్గరే చాలామంది పడిపోతారు. 'కరోనా అండీ, విమానాల్లేవండీ' అంటే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. విమానాలు లేనిది ఎప్పటినుంచి ఎప్పటిదాకా? మళ్లీ మొదలయ్యాక మీరేం చేశారు? లోకానికంతా వచ్చిన కష్టాన్ని చెబితే చాలదు. ఆ కష్టం మీ ప్రయాణాన్ని ఏ తారీఖున ఎలా ఆపిందో చెప్పాలి.

పెద్దమ్మ రేకు డబ్బా అక్కడ పనికొచ్చింది. ఆవిడకు ఏ కాగితమూ పారేసే అలవాటు లేదు. కూరగాయల బిల్లు కూడా దాస్తుందని మేమంతా ఏడిపించేవాళ్లం. మార్చి 26 టికెట్ ఉంది. రద్దయిందని విమాన సంస్థ పంపిన మెయిల్‌ను అన్నయ్య ప్రింటు తీసి పంపాడు. అక్టోబరు టికెట్ ఉంది. ఆస్పత్రి డిశ్చార్జి సమ్మరీ ఉంది. ప్రయాణం వద్దన్న డాక్టరు చీటీ ఉంది. న్యూజెర్సీ బ్యాంకు ఖాతా, అక్కడి గుర్తింపు కార్డు, ఏటా నివాసి హోదాలోనే వేసిన పన్ను రిటర్నులు, అక్కడి కంటి డాక్టరు అపాయింట్‌మెంటు కాగితం, ఆఖరికి లైబ్రరీ కార్డు కూడా.

2020 మార్చిలోనే మనదేశంలోని అమెరికా కాన్సులేట్లు మామూలు వీసా పనులు ఆపేశాయి. 2021 వేసవిలో సెకండ్ వేవ్ వచ్చింది. ఎదురుచూసి ఎదురుచూసి నవంబరులో ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఆఫీసరు కాగితాలన్నీ చూశాక అడిగిన ప్రశ్న పెద్దమ్మకు ఇప్పటికీ గుర్తే.

'జులై నుంచి విమానాలున్నాయి కదా, అప్పుడెందుకు రాలేదు?'

'ఆ విమానంలో ఎక్కి జబ్బు తెచ్చుకుంటే నా కొడుక్కు చాకిరీ చేసేవాళ్లు లేరు బాబూ. అందుకే కాస్త తగ్గనిచ్చి అక్టోబరుకు టికెట్ కొన్నాడు. అదిగో కాగితం' అంది.

మరో ప్రశ్న: 'మీ ఇల్లు ఎక్కడ?'

పెద్దమ్మ ఒక్క క్షణం ఆగిందట. తెనాలిలో ఇల్లుంది. అమ్మలేదు. పెదనాన్న కట్టించిన ఇల్లది. నోటిదాకా అదే మాట వచ్చిందట. 'ఇల్లు తెనాలిలో ఉంది. నేనుండేది మాత్రం మా అబ్బాయి దగ్గర' అని చెప్పింది.

అబద్ధం లేదు, దాపరికం లేదు. సొంతూళ్లో ఇల్లుంటే తప్పేమీ కాదు. అసలు కాపురం ఎక్కడన్నదే ప్రశ్న. వైద్యపరీక్షలు అయ్యి, వీసా వచ్చి, 2022 ఫిబ్రవరిలో పెద్దమ్మ విమానం ఎక్కింది. ఏడేళ్ల పిల్లగా వదిలి వచ్చిన మనవరాలు తొమ్మిదేళ్లదై ఎయిర్‌పోర్టులో ఎదురొచ్చింది. తన జడ తనే వేసుకోవడం నేర్చుకుందట. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం పెద్దమ్మ గొంతు ఇప్పటికీ మామూలుగా ఉండదు.

మాస్టారి మాట

ఇదే కథ మా పక్కవీధి మాస్టారికి ఇంకోలా జరిగింది. హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు. టెక్సాస్‌లో ఉన్న కూతురు గ్రీన్‌కార్డు తీసిచ్చింది. ఆయనకు అక్కడ తోచదు. ఇక్కడ పెన్షనుంది, ఉదయం నడక, సాయంత్రం లైబ్రరీ అరుగు మీద స్నేహితులు. అందుకే ఏటా నాలుగు వారాలు వెళ్లి వచ్చేవారు. 'ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి వెళ్లి మొహం చూపిస్తే కార్డు బతికే ఉంటుంది' అని ఎవరో చెప్పారు. ఆ మాట మన ఊళ్లలో వేదవాక్కులా చలామణీ అవుతోంది.

అది నిజం కాదు. 1975లోనే అమెరికా ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 'కేన్' కేసులో దీన్ని తేల్చేసింది. జమైకాలో లాడ్జింగ్ నడుపుకొనే ఓ మహిళ ఏడాదిలో ఎక్కువ కాలం అక్కడే ఉండి, ఏటా కొద్దిరోజులు అమెరికా వచ్చిపోయేది. ఆ రాకపోకలు నివాసం కిందికి రావని బోర్డు చెప్పింది. ఎందుకు వెళ్లారు, ఎప్పుడు తిరిగి రావాలనుకున్నారు, అసలు ఇల్లూ ఉపాధీ ఎక్కడున్నాయి... చూసేది ఇవే. పాస్‌పోర్టు మీద ముద్రలు లెక్కపెట్టరు.

కరోనా వచ్చేనాటికి మాస్టారి దగ్గర తిరుగు టికెట్ లేదు. అక్కడ బ్యాంకు ఖాతా లేదు, పన్ను రిటర్నులు లేవు. రెండేళ్లు దాటాక ఎస్‌బీ-1 పెట్టారు. రాలేదు. పాపం అనుకుంటూ పలకరించడానికి వెళ్లాను.

ఆయన నవ్వారు. 'వాళ్లను అనడానికేముందమ్మా? విమానాలు ఆగినమాట నిజమే. కానీ గుండెమీద చెయ్యి వేసుకుని చెబుతున్నా, నేను రాలేకపోయిన మనిషిని కాదు. రాని మనిషిని' అన్నారు.

తర్వాత ఆయన గ్రీన్‌కార్డు వదులుకుంటున్నట్టు రాసిచ్చి, సందర్శకుల వీసా తీసుకున్నారు. ఇప్పుడు ఏ లెక్కలూ లేకుండా కూతురి దగ్గర రెండు నెలలు ఉండి వస్తున్నారు. కూతురు పౌరురాలు కాబట్టి, ఎప్పుడైనా మనసు మారితే మళ్లీ దరఖాస్తు చేసే వీలుంది. అమెరికా పౌరుల తల్లిదండ్రులకు ఏటా ఇన్నేననే పరిమితి వర్తించదు. మొదటినుంచీ ఓపికగా తిరగాలి, అంతే.

రెండు కథల్లోనూ ఆగింది అవే విమానాలు. తేడా ఎక్కడొచ్చింది? విమానాలు ఆగకముందు గడిపిన జీవితంలో. ప్రయాణాలు ఆగిన రోజులు మన కార్డును తీసేయవు. అంతకుముందు మనం ఎక్కడ కాపురం ఉన్నామో బయటపెడతాయి.

ఒక్కో దేశానిది ఒక్కో లెక్క

అమెరికా రూలునే అన్ని దేశాలకూ అంటగట్టకూడదు. టొరంటోలో పిల్లలున్నవాళ్లు, మెల్‌బోర్న్‌లో పిల్లలున్నవాళ్లు వేరే లెక్కలు నేర్చుకోవాలి.

కెనడాలో ఐదేళ్లలో 730 రోజులు అక్కడుంటే చాలు. వరసగా ఉండక్కర్లేదు. కెనడా పౌరుడైన జీవిత భాగస్వామితో కలిసి బయటున్న రోజులు కూడా కలుస్తాయి. పీఆర్ కార్డు గడువు అయిపోయినంత మాత్రాన హోదా పోదు. బయట చిక్కుకుంటే ప్రయాణ పత్రానికి దరఖాస్తు పెట్టాలి. రోజులు తగ్గితే మానవతా కారణాలు చెప్పుకోవచ్చు. కాదంటే 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. 2021 ఏప్రిల్ 22 నుంచి సెప్టెంబరు చివరిదాకా కెనడా మనదేశం నుంచి నేరుగా వచ్చే విమానాలను ఆపినప్పుడు, మూడో దేశం మీదుగా తిరిగి వెళ్లినవాళ్లెందరో.

ఆస్ట్రేలియాలో పీఆర్‌తోపాటు వచ్చే ప్రయాణ సౌకర్యం మామూలుగా ఐదేళ్లే. అది అయ్యాక బయటికెళ్లి తిరిగి రావాలంటే రెసిడెంట్ రిటర్న్ వీసా ఉండాలి. గత ఐదేళ్లలో రెండేళ్లు అక్కడుంటే అది తేలిగ్గా వస్తుంది. 2021 మే 3 నుంచి 15 వరకూ మనదేశం నుంచి వచ్చేవారిని, సొంత పౌరులను సైతం ఆ దేశం అడ్డుకుంది. వస్తే ఐదేళ్ల జైలు, 66 వేల డాలర్ల జరిమానా దాకా పడొచ్చంది. హోదా ఎంత గట్టిదైనా తలుపు మూసుకున్న రోజంటూ ఒకటి ఉంటుందని అప్పుడు తెలిసింది.

బ్రిటన్‌లో స్థిరనివాస అనుమతి ఉన్నవాళ్లు మామూలుగా రెండేళ్లు వరసగా బయటుంటే అది రద్దయిపోతుంది. మళ్లీ వెళ్లాలంటే తిరిగి వచ్చే నివాసి వీసా అడగాలి.

ఈ ఆదివారం ఫోన్లో...

కరోనా పోయింది, ఇదంతా ఇప్పుడెందుకు అంటారా? 2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ ఘర్షణ వేళ ఖతార్ తన గగనతలాన్ని మూసేస్తే, గల్ఫ్ మీదుగా వెళ్లాల్సిన విమానాలు ఎన్నో ఆగిపోయాయి. కాలు విరగొచ్చు, పాస్‌పోర్టు పోవచ్చు, ఇంట్లో మనిషి మంచాన పడొచ్చు. ఆపద చెప్పి రాదు. అమెరికాలో కూడా అడగడం పెరిగింది. చలికాలం మనదేశంలో గడిపి వెళ్లే పెద్దవాళ్లను ఎయిర్‌పోర్టులో ఎక్కువగా ప్రశ్నిస్తున్నారని, కార్డు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టమంటున్నారని 2025 మార్చిలో అక్కడి లాయర్లు హెచ్చరించారు.

కాబట్టి ఈ ఆదివారం పిల్లలతో ఫోన్ మాట్లాడేటప్పుడు కూరలు, కోడళ్ల కబుర్లతోపాటు ఈ నాలుగు సంగతులు కూడా మాట్లాడుకోండి.

బయల్దేరేటప్పుడే తిరుగు టికెట్ కొనండి. రద్దయితే ఆ మెయిల్ తీసేయకండి. మళ్లీ ప్రయత్నించిన ప్రతిసారీ ఒక కాగితం మిగలాలి.

ఆరు నెలలకంటే ఎక్కువ ఉండాల్సి వస్తుందన్న అనుమానం ఉంటే, అమెరికా గడప దాటకముందే రీ-ఎంట్రీ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టించండి.

అక్కడి బ్యాంకు ఖాతా, చిరునామా, గుర్తింపు కార్డు, పన్ను రిటర్నులు బతికుండాలి. నాలుగు డాలర్లు మిగులుతాయని నివాసిని కాదంటూ పన్ను రిటర్ను వేస్తే, కార్డును మన చేత్తో మనమే వదులుకున్నామనడానికి అది సాక్ష్యమవుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవద్దు.

ఎయిర్‌పోర్టులో ఎవరైనా ఐ-407 అనే కాగితం ఇచ్చి సంతకం అడిగితే, భయపడి పెట్టేయకండి. అది స్వచ్ఛందంగా ఇచ్చేది. ఇమిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకుంటానని అడిగే హక్కు గ్రీన్‌కార్డుదారుకు ఉంది. హోదా వదులుకున్నారని గట్టిగా నిరూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే. ఏడాది గీత దాటినవాళ్లు మాత్రం టికెట్ కొనేముందు ఇమిగ్రేషన్ లాయరును అడగడమే మేలు.

ఇవన్నీ కాగితాల సంగతులు. వీటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. అమ్మానాన్నలకు అసలు ఎక్కడ ఉండాలనుంది? చాలా ఇళ్లలో కార్డు తీసిచ్చేముందు ఆ ఒక్కమాటా అడగరు. తీసిచ్చాక వాళ్లూ చెప్పరు, పిల్లలు నొచ్చుకుంటారని. రెండు పడవల మీద కాళ్లు పెట్టి ఏళ్లు గడిచిపోతాయి. మాస్టారిలా తెగేసి చెప్పుకున్నా మంచిదే. పెద్దమ్మలా కాపురాన్ని నిలబెట్టుకున్నా మంచిదే.

పెద్దమ్మ ఈసారి మార్చిలో వెళ్లిపోతోంది. అమెరికాలో బయల్దేరేముందే పర్మిట్‌కు దరఖాస్తు పెట్టి, వేలిముద్రలిచ్చి మరీ వచ్చింది. 'మూడు నెలలకే కదా, పర్మిట్ దేనికి?' అన్నాను.

'అప్పుడూ మూడు నెలలకే వచ్చానుగా' అంది. డబ్బా మూత బిగించి, పెట్టెలో చీరల మధ్య పెట్టింది. దాని పక్కనే మనవరాలికి చేగోడీల పొట్లం.